ముప్పై రెండు బెజ్జాల ప్లేటు

ఇది పెద్ద వరద వచ్చిన ఏడాది సంగతి. అంతకు పదకొండేళ్ళ ముందు ఒక చిన్న వరద వచ్చింది గాని, అది గడపదాకా వచ్చి చూసి పోయింది. దాన్ని మేము లెక్కలో వేసుకోం. మా వీధిలో ఏ మాట చెప్పినా వరదకి ముందా, తరవాతా అని అడుగుతారు. మా అక్క మనవరాలు వరదకి ముందు పుట్టింది. షెడ్డు తలుపులు వరద తరవాత చిత్రిక పట్టారు. నేను చెప్పేది వరద తరవాత నలభై రోజులకి జరిగింది.

షెడ్డు మా బావది, అంటే అక్క మొగుడిది. ఇనప పని. ఇనుముని చదును చేయాలన్నా, గాడి తీయాలన్నా, బెజ్జం వేయాలన్నా మా దగ్గరికే వస్తారు. పెద్ద మిషన్లు రెండు. ఒకటి మిల్లింగు మిషను. తిరిగే పళ్ళ చక్రం కిందికి ఇనుముని తోస్తే, వడ్రంగి చెక్కని చిత్రిక పట్టినట్టు పొర లేపి నున్నగా చేసి పంపుతుంది. అది బావ మిషను. ఇంకొకరు ముట్టుకుంటే ఆయనకి అన్నం సయించదు. రెండోది డ్రిల్లింగు మిషను. లావాటి స్తంభం, దానికి ఒకే ఒక చెయ్యి. ఆ చెయ్యి పైకీ కిందికీ కదులుతుంది, చుట్టూతా తిరుగుతుంది. ఇనుము ఉన్నచోటే ఉంటుంది, చెయ్యే వెళ్ళి బెజ్జం కావలసిన చోట దిగుతుంది. దాన్ని అందరూ ఒంటిచెయ్యి అంటారు. వరద నాటికి నేను దాని పక్కన నిలబడి ముప్పై ఒక్క ఏళ్ళు.

చిన్న వరద చూసి బావ భయపడి, అరుగు కట్టించి మిల్లింగు మిషనుని దాని మీద పెట్టాడు. ఒంటిచేతిని లేపడం మా వల్ల కాలేదు. పెద్ద వరదలో అది మూడు రోజులు నడుం పైదాకా నీళ్ళలో నిలబడింది. నీళ్ళు తీశాక విప్పాను. పళ్ళ చక్రాల మధ్య బురద గట్టిపడి ఉంది. నూనె తొట్టిలో వేలెడంత చేప ఒకటి బతికే ఉంది.

అక్క వచ్చి చూసింది. "ముప్పై ఏళ్ళు దీని దగ్గర నిలబడితే ఇప్పటికి ఒకటి పడిందిరా" అంది.

పద్దెనిమిది రోజులు కిరసనాయిలుతో కడిగి, తుడిచి, మళ్ళీ బిగించాను. మీట వేస్తే తిరిగింది. చప్పుడు కూడా పాత చప్పుడే.

షెడ్డు తలుపులు మాత్రం పట్టలేదు. చెక్క ఉబ్బి రెండు రెక్కలూ ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి. వడ్రంగి వచ్చి పక్కలు చిత్రిక పట్టాడు, పైనా కిందా చెయ్యి పెట్టలేదు. చెక్క వెడల్పు పెరుగుతుంది గాని పొడుగు పెరగదు అన్నాడు. విని ఊరుకున్నాను.

ఆ తరవాత వచ్చిన మొదటి పెద్ద పని నీళ్ళ పంపుది. మా వీధులకి నీళ్ళు తోడే పంపుగది ఏటి గట్టున ఉంది. వరదలో కొట్టుకొచ్చిన దుంగ ఒకటి గుద్ది, పంపు ముందున్న గుండ్రటి ఇనప ప్లేటు పగిలి ఏట్లో కలిసిపోయింది. పంపు ముఖం మీద గుండ్రంగా పదహారు మర బెజ్జాలు ఉంటాయి. కొత్త ప్లేటులో కూడా పదహారు బెజ్జాలు వేస్తే, వాటిలోంచి బోల్టులు దూర్చి పంపుకి బిగించాలి. పదహారూ ఎదురెదురుగా కలవాలి. కలవకపోతే ప్లేటు ఒక తిరగలి రాయి, అంతే. ప్లేటు కూర్చునేదాకా ఇళ్ళకి ట్యాంకరు నీళ్ళే గతి.

బయల్దేరుతుంటే బావ తన చేతి పొడుగు వెర్నియర్, సన్నగా కొలిచే ఇనప పట్టీ, తీసి ఇచ్చాడు. "బామ్మర్దీ, ఇది పట్టుకెళ్ళు. కొలిచి రాసుకురా."

"అచ్చు చాలు" అన్నాను.

నేను మూడో తరగతిదాకా చదివాను. అంకెలు వచ్చు. వెర్నియర్ మీద చీమకాళ్ళలాంటి గీతలుంటాయి, పై గీత కింది గీతతో ఎక్కడ కలిసిందో చూసి చదవాలి. అది నాకు రాదు. రాదని ఎవరితోనూ అనలేదు. అనాల్సిన అవసరమూ పడలేదు, ఎందుకంటే మా షెడ్డులో అచ్చు తీయడం ఉంది. ఇనుము మీద మందపాటి కాగితం పరిచి, బొటనవేలికి నూనే మసీ రాసుకొని రుద్దితే, బెజ్జం ఉన్నచోట నల్లటి ఉంగరం పడుతుంది. ఆ కాగితాన్ని కొత్త ఇనుము మీద పరిచి, ఉంగరాల నడుమ మొనదేలిన ఇనప పంచి ఆనించి సుత్తితో కొడితే గుర్తు పడుతుంది. గుర్తు మీద బెజ్జం వేసే బిట్టు దింపడమే. మధ్యలో అంకె లేదు, అంకె తప్పడమూ లేదు. అట్లా ఎన్ని వేల బెజ్జాలు వేశానో, ఒక్కటీ తిరిగి రాలేదు.

పంపుగది చూసుకునేది ఒకావిడ. మొగుడి ఉద్యోగం ఆవిడకి ఇచ్చారు. నీళ్ళ వాల్వులు తిప్పేది ఆవిడే కాబట్టి అందరికీ వాల్వమ్మ. నన్ను మేస్త్రన్నా అంటుంది. పంపుగది నేలమాళిగలాగా లోతుగా ఉంటుంది. వరద పోయి నెల దాటినా గోడలు చెమ్మగానే ఉన్నాయి, పైపులన్నీ చెమట్లు కక్కుతున్నాయి. పంపు ముఖం ఎంత తుడిచినా మళ్ళీ తడే. కాగితం ఆనించగానే దానంతట అదే అతుక్కుంది, పట్టుకునే మనిషి అవసరం కూడా లేకపోయింది. మంచిదే అనుకున్నాను. తీరిగ్గా రుద్ది అచ్చు తీశాను.

షెడ్డుకి వచ్చి, ఆ కాగితాన్ని కిటికీ దగ్గర ఎండ పడేచోట పెట్టాను. ప్లేటుని బావ మిల్లింగు మిషను మీద అద్దంలా చేసి ఇచ్చాడు. మర్నాడు పొద్దున్న ఆ కాగితం పరిచి గుర్తులు కొట్టి, పదహారు బెజ్జాలూ వేశాను. ఇనప చుట్టలు నీలం రంగులో లేచాయి. వరద తరవాత ఒంటిచేతి మొదటి పని. మనసులో సంతోషంగా ఉంది గాని ఎవరితో చెప్పుకుంటాను?

ప్లేటు బండి మీద వేసుకొని నేనూ బావా వెళ్ళాం. ఎత్తి పంపు ముఖానికి ఆనించాం. పైబోల్టు పట్టింది, కిందిబోల్టు పట్టింది. వాటిని వదులుగా ఉంచి ఎడం వైపు కలిపాం. కుడి వైపు చూస్తే, ప్లేటు బెజ్జంలోంచి పంపు బెజ్జం నెలవంకలా కనిపిస్తోంది. కుడికి జరిపితే ఎడం వైపు నెలవంక. మధ్యలో ఉంచితే రెండు వైపులా నెలవంకలే.

వాల్వమ్మ మెట్ల మీంచి చూస్తోంది. "ఏం మేస్త్రన్నా, పంపుదే తప్పా? పోనీ పంపుని మార్పించెయ్యమంటారా?"

నేను ప్లేటుని మళ్ళీ బండెక్కించే పనిలో పడ్డాను. బావ మాట్లాడాడు. దారి పొడుగునా మాట్లాడాడు. షెడ్డులోకి వచ్చాక ఒంటిచేతి ముందు నిలబడి కూడా మాట్లాడాడు.

"నేను ముందే అన్నానా లేదా? మూడు రోజులు నీళ్ళల్లో నానింది. చెయ్యి కుంగింది. గుర్తు ఒకచోట ఉంటే బెజ్జం ఇంకోచోట వేస్తోంది. ఇంక దీన్ని ఉంచుకొని పూజ చెయ్యాలా?"

"చెయ్యి బాగుంది" అన్నాను.

"బాగుంటే ప్లేటెందుకు పట్టలేదు?"

నేను బిట్టు ఊడదీసి తుడిచాను.

పాత ఇనుము కొనేవాడు మర్నాడు పొద్దున్న పదింటికి లారీ తెస్తాడని అప్పుడే తెలిసింది. బావ అతనికి ఫోను చేసేశాడు. దాని చోట కొత్త మిషను, బొత్తాలు నొక్కితే పనిచేసేది, వాయిదాల మీద తెస్తానన్నాడు. "నువ్వు నా బల్ల దగ్గర కూర్చో. సామాన్లు ఇచ్చి పుచ్చుకుంటూ ఉండు. కాళ్ళకి సుఖం" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నా కాళ్ళ నొప్పులు ఆయనకి తెలుసు.

అక్క గుమ్మంలో నిలబడి వింది. "నోరు తెరిచి ఏదో ఒకటి అనరా. అంటే ముత్యాలేం రాలిపోవు" అంది.

"రేపు పదిదాకా ఆగు బావా" అన్నాను.

"ఆగకేం చేస్తాను? లారీ వచ్చేదే పదింటికి" అన్నాడు.

అప్పటికి పొద్దున్న పదకొండు. నాకు దిగులుగా ఉండాలి. ఉంది కూడా. కాని దిగులు కంటే ఇంకొకటి ఎక్కువగా ఉంది. రెండు బోల్టులు పట్టి, మిగతావి పట్టకపోవడం ఏమిటి? చెయ్యి కుంగితే బెజ్జాలన్నీ చెల్లాచెదురు కావాలి. పైనా కిందా సరిగ్గా ఉండి, పక్కలు మాత్రం తప్పడం ఏమిటి? మిషనుకి పైనంటే ప్రేమా, పక్కలంటే కోపమా?

ముందు మిషనుని అడుగుదామనుకున్నాను. డయల్ గేజి తెచ్చి ఒంటిచేతి తలకి కట్టాను. గడియారంలా ఉంటుంది అది, ముల్లు ఉంటుంది. దాన్ని చదవనక్కర్లేదు, చెయ్యి ఎక్కడన్నా కుంగితే ముల్లు ఊగుతుంది, అది చూస్తే చాలు. చేతిని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాను. ముల్లు నిద్రపోతున్నట్టు ఉంది. తరవాత పాత పలచటి రేకు ఒకటి తీసి, కంపాసుతో గుండ్రం గీశాను. దాన్ని సగం చేసి, సగాన్ని మళ్ళీ సగం చేసి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు భాగాలు చేశాను. సగం చేయడానికి చదువు అక్కర్లేదు. పదహారు బెజ్జాలు వేశాను. ఎదురెదురు బెజ్జాల మధ్య ఇనప తీగ ఒకటి కొలతకి తెంపి పెట్టి చూశాను. ఎటు తిప్పి పెట్టినా తీగ అంతే సరిపోయింది.

బావ మిల్లింగు మిషను దగ్గర్నుంచి ఓరగా చూస్తున్నాడు. "ఆ ముక్క చిన్నది" అన్నాడు. చిన్నది కాదు. ఆయనకీ తెలుసు.

మిషనుది తప్పు కాకపోతే గుర్తులది కావాలి, అంటే నా చేతిది. అచ్చు కాగితం తెచ్చి, ఉంగరాల లోపలి కాగితాన్ని బ్లేడుతో కోసేసి, ప్లేటు మీద పరిచాను. ఉంగరాలు బెజ్జాల మీద పదహారుకి పదహారూ కూర్చున్నాయి. ఎక్కడా వెంట్రుకంత తేడా లేదు.

నేను స్టూలు లాక్కొని కూర్చున్నాను. కాగితం పంపు ముఖం మీంచి వచ్చింది. ప్లేటు కాగితంలోంచి వచ్చింది. ప్లేటు కాగితంతో కలుస్తుంది. మరి పంపుతో కలవదేం? తండ్రి పోలిక కొడుక్కి వచ్చి, కొడుకు పోలిక మనవడికి వచ్చి, మనవడు తాతని ఎరగనట్టు ఉంది.

అక్క టీ తెచ్చింది. "ఏం చూస్తున్నావురా అంతసేపట్నుంచి?"

"కాగితం."

"అందులో ఏం రాసుంది?"

"అదే తెలియట్లేదు."

"చదువుకోమంటే చెరువు గట్టున తిరిగావు. ఇప్పుడు చూడు" అని కప్పు పెట్టి వెళ్ళిపోయింది.

కొత్త తీగ ఒకటి తెంపాను, ప్లేటు మీద పై బెజ్జం నుంచి కింది బెజ్జానికి సరిపోయేలాగా. దాన్నే అడ్డంగా ఎడం బెజ్జం నుంచి కుడి బెజ్జానికి పెట్టాను. తీగ బయటికి పొడుచుకొచ్చింది. రెండు నూళ్ళు. మా పనిలో అంగుళంలో ఎనిమిదో వంతుని నూలు అంటాం. ఇరవై అంగుళాల గుండ్రం మీద, అడ్డంగా మాత్రం రెండు నూళ్ళు తక్కువ. అంటే నేను వేసింది గుండ్రం కాదు, గుడ్డు. కళ్ళకి తెలియని గుడ్డు.

అయితే పంపు కూడా గుడ్డేనా?

ఇంకో తీగ జేబులో వేసుకొని, కాగితం చుట్టి సైకిలుకి కట్టుకొని మళ్ళీ పంపుగదికి పోయాను. అప్పటికి మధ్యాహ్నం రెండు. వాల్వమ్మ మెట్ల మీద కూర్చొని టిఫిను డబ్బా విప్పుతోంది.

"మళ్ళీ వచ్చారా? ఈసారి మందిని తీసుకొస్తారనుకున్నా. ట్యాంకరు దగ్గర ఆడవాళ్ళు నన్ను తిట్టినన్ని తిట్లు మీ బావకి మోసుకెళ్ళాలంటే మీ సైకిలు చాలదు."

"పంపు కొలవాలి" అన్నాను.

"కొలుచుకోండి. దానికేం సిగ్గు లేదు."

పంపు మీద పై బెజ్జం నుంచి కింది బెజ్జానికి తీగ తెంపాను. అడ్డంగా పెట్టాను. సరిపోయింది. ఏటవాలుగా పెట్టాను. సరిపోయింది. పంపు గుండ్రమే. కాగితమే గుడ్డు. ఈ గదిలో గుండ్రంగా ఉన్నది, మా షెడ్డులో గుడ్డు అయింది. మధ్యలో ఉన్నది నా సైకిలు, ఒక రాత్రి, ఒక కిటికీ. దారిలో కాగితం ఏం చేసింది?

కాగితం విప్పి పంపు ముఖానికి పట్టుకున్నాను. అవే నెలవంకలు. పట్టుకొని చూస్తుంటే చేతులు నొప్పెట్టాయి. వాల్వమ్మ చూడలేక తన తడిగుడ్డ తెచ్చి కాగితం మీద టపటపా అద్దింది. "ఇట్లా అతికిస్తే ఉంటుంది కదా. వచ్చి కూర్చోండి, చేతులు పడిపోతాయి" అంది.

మెట్ల మీద కూర్చున్నాను. ఆవిడ తన కొడుకు చదువు గురించి చెప్పింది, ట్యాంకరు డ్రైవరు పొగరు గురించి చెప్పింది. నేను ఊఁ కొట్టాను. కాగితం అక్కడక్కడా అలలు లేచి వదులవుతోంది. జారిపోతుందేమోనని లేచి దగ్గరికి వెళ్ళి, అరచేతులతో చదునుగా నొక్కాను.

నెలవంకలు లేవు.

ఎడం వైపు చూశాను. ఉంగరం లోపల బెజ్జం నిండుగా ఉంది. కుడి వైపు చూశాను. అక్కడా నిండుగా ఉంది. పదహారూ నిండు చందమామలే.

కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి, మెట్లెక్కి ఎండలో గట్టు మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాను. తీగ చేతిలో పట్టుకొని పక్కనే గొంతుక్కూర్చున్నాను. తడి రంగు పోయేకొద్దీ అడ్డం కొలత తగ్గుతూ వచ్చింది. ముందు అర నూలు. తరవాత నూలు. ఎండిపోయేసరికి రెండు నూళ్ళు. నిలువు కొలత మాత్రం ఉన్నచోటే ఉంది. మళ్ళీ తడిపాను, పెరిగింది. మళ్ళీ ఎండబెట్టాను, తగ్గింది. ముప్పై ఒక్క ఏళ్ళు దీని మీద బొటనవేలు రుద్దాను. ఇది ఊపిరి పీల్చి వదులుతుందని నాకు తెలియదు.

వాల్వమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకొని చూస్తోంది. "ఏంటి మేస్త్రన్నా, కాగితానికి స్నానాలు చేయిస్తున్నారు?"

"పెరుగుతోంది" అన్నాను.

"ఏంటీ?"

"తడిస్తే అడ్డంగా పెరుగుతోంది. ఎండితే తగ్గుతోంది."

ఆవిడ వచ్చి వంగి చూసింది. "మరి పొడుగు పెరగదేం?"

నేనూ అదే ఆలోచిస్తున్నాను. ఉంగరాలకి బయట, కాగితం అంచు పట్టుకొని కాస్త నిలువుగా చించాను. గీత గీసినట్టు తిన్నగా చిరిగింది. అడ్డంగా చించాను. వంకరటింకరగా, పీచు పీచుగా చిరిగింది. చెక్కకి పీచు ఉన్నట్టు దీనికీ ఉంది. అప్పుడు వడ్రంగి మాట గుర్తొచ్చింది. షెడ్డు తలుపులు పక్కలే కోశాడు, పైనా కిందా ముట్టుకోలేదు.

ఇంతకాలం నేను అచ్చు తీసినవన్నీ మా షెడ్డులో, పొడి ఇనుము మీద తీసినవి. పాత సామాను మా దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఈ ఒక్కసారే చెమట పట్టిన ఇనుము మీద తీశాను. కాగితం దానంతట అదే అతుక్కుంటే మంచిదనుకున్నాను కదా, అప్పుడే అది ఉబ్బి ఉంది. ఉబ్బిన కాగితం మీద నిజమైన గుర్తు వేసి, ఎండబెట్టి, ముడుచుకున్న గుర్తుని ఇనుములోకి దింపాను.

వాల్వమ్మ నవ్వింది. "అయితే తప్పు మిషనుది కాదు. కాగితానిది."

కాగితానిది కూడా కాదు. సైకిలు తొక్కుకుంటూ వస్తున్నంతసేపూ అదే అనుకున్నాను. కాగితం ఎప్పుడూ ఇట్లాగే ఉంది. వెర్నియర్ పట్టుకెళ్ళి ఉంటే ప్లేటు గుండ్రంగానే వచ్చేది. పట్టుకెళ్ళకపోవడానికి కారణం ఒక్కటే, అది బావకి తెలియదు, అక్కకి తెలియదు. కాగితం ఉబ్బింది అని ఊరుకుంటే సగం చెప్పినట్టు. సగం చెబితే బావ సగమే నమ్ముతాడు. కాగితాలు మారతాయి గాని, కుంగిన చెయ్యి కుంగినట్టే ఉంటుంది అంటాడు. లారీ వస్తుంది.

షెడ్డుకి వచ్చేసరికి సాయంత్రం ఐదు. పాత ఇనుము కొనే ఆయన ఒక రోజు ముందే వచ్చి కూర్చున్నాడు, సరుకు చూసుకుందామని. అతన్ని అయస్కాంతం అంటారు. మణికట్టుకి దారంతో అయస్కాంతం కట్టుకొని ఉంటాడు, దేని పక్కన నిలబడినా ముందు అది తగిలించి చూస్తాడు. నేను వెళ్ళేసరికి ఒంటిచేతి స్తంభానికి టక్కున అంటించి, చెవి పెట్టి వింటున్నాడు.

"మంచి పోత" అన్నాడు బావతో. "ఇప్పుడు ఇట్లాంటిది పొయ్యట్లేదు."

"తియ్యి" అన్నాను.

"ఏంటన్నా?"

"అయస్కాంతం తియ్యి."

తీశాడు. బావ ఆశ్చర్యంగా చూశాడు. నేను కాగితాన్ని ప్లేటు మీద పరిచాను. పదహారూ కలిశాయి. చేతులు కడుక్కునే తొట్టిలోంచి గుడ్డ తడిపి కాగితానికి అద్దాను. "చూస్తూ ఉండు బావా" అన్నాను. అక్క కూడా వచ్చింది, ముగ్గురూ నిలబడి చూశారు. కాసేపటికి ఎడమా కుడీ ఉంగరాలు ప్లేటు బెజ్జాల్ని వదిలి బయటికి జరిగాయి.

అయస్కాంతం వంగి చూశాడు. "ఓరి నీ... ఇదేం కాగితం? నాకూ ఒకటి ఇవ్వన్నా, బరువులో కూడా పెరుగుతుందా?"

బావ నవ్వలేదు. తీగ తీసుకొని తనే కొలిచాడు, రెండు సార్లు. ఆయనకి పని తెలుసు. ఎక్కువ చెప్పనక్కర్లేదు.

"సరే. కాగితం ఉబ్బింది" అన్నాడు. "అందుకే కదా వెర్నియర్ పట్టుకెళ్ళమన్నాను. ఎందుకు పట్టుకెళ్ళలేదు? ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నాను, ఒక్కసారి కూడా ముట్టుకోవు. అదేమన్నా కరుస్తుందా?"

ఒంటిచేతి మీద చెయ్యి ఆనించాను. ఇనుము చల్లగా ఉంది.

"నాకు చదవడం రాదు బావా."

అక్క చేతిలో గరిటె ఉంది, దాన్ని అట్లాగే పట్టుకొని నిలబడింది.

"దేన్ని?" అన్నాడు బావ.

"వెర్నియర్ని. ఆ చిన్న గీతలు. మొదట్నుంచీ రాదు. మిషను తప్పు లేదు. కాగితం తప్పూ లేదు. తప్పు నాది. అమ్మితే నన్ను అమ్ము, దాన్ని ఉండనీ."

అంత పొడుగు మాట నేను అంతకు ముందు ఎప్పుడన్నా అన్నానో లేదో గుర్తు లేదు.

"నిన్ను కొనేదెవడు? అయస్కాంతానికి కూడా అంటుకోవు" అంది అక్క. అటు తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

బావ చాలాసేపు ప్లేటు చుట్టూ తిరిగాడు. ఇంకో ప్లేటుకి సరిపడా ఇనుము మా దగ్గర లేదు, తెప్పించాలంటే వారం. ఆయన వంగి బెజ్జానికీ బెజ్జానికీ మధ్య ఉన్న జాగాలో వేలు పెట్టి చూశాడు. నేనూ అదే చూస్తున్నాను. గుండ్రటి ప్లేటే కదా, కాస్త తిప్పి పెడితే ఏం? పాత బెజ్జాల మధ్యన కొత్తవి పదహారు వేయొచ్చు. నీళ్ళు కారకుండా ఆపే రబ్బరు ఉంగరం బోల్టుల వరసకి లోపలే ఉంటుంది, కాబట్టి పాత బెజ్జాల్లోంచి చుక్క రాదు.

"ముప్పై రెండు బెజ్జాలు" అన్నాడు బావ. "చూసినవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ."

అయస్కాంతం వైపు తిరిగి, "నువ్వు రేపు పదింటికి లారీతోనే రా" అన్నాడు. "ప్లేటు కూర్చోకపోతే మిషను పట్టుకెళ్దువుగాని. కూర్చుంటే షెడ్డు వెనక వరద బురదలో తుక్కు పడి ఉంది, అది ఎత్తుకుపో."

మర్నాడు పొద్దున్న ఆరింటికి బావ ఇంటి తలుపు కొట్టాను. ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చాడు. చెయ్యి చాపాను.

"వెర్నియర్" అన్నాను.

ఆయన పుక్కిలించి, తువ్వాలుతో మూతి తుడుచుకొని, లోపలికి వెళ్ళి తెచ్చాడు. ఇద్దరం పంపుగదికి పోయాం. ఎదురెదురుగా రెండు బోల్టులు బిగించి, ఒక బోల్టు ఎడం అంచు నుంచి రెండో బోల్టు ఎడం అంచుకి ఎట్లా పట్టుకోవాలో చూపించాడు. "పెద్ద అంకె ముందు చదువు. తరవాత చిన్న గీతలు చూడు, ఏ గీత ఎదురు గీతతో ఒకే తాడులా ఉందో అది. తొందరపడకు." తొందరపడలేదు. మొదటిసారి తప్పు చదివాను. రెండోసారీ తప్పే. మూడోసారి ఆయన ఏమీ అనకుండా తన పుస్తకంలో రాసుకున్నాడు.

షెడ్డుకి వచ్చి కంపాసు ఆ కొలతలో సగానికి బిగించి గుండ్రం గీశాను. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. ఒంటిచేతిని తిప్పి, పాత బెజ్జాల మధ్యన ఒక్కొక్కటే దింపాను. బావ నూనె పోస్తూ పక్కనే నిలబడ్డాడు, ఆయన మిల్లింగు మిషనుని వదిలి నా దగ్గర అట్లా నిలబడటం అదే మొదలు. తొమ్మిదిన్నరకి ప్లేటు పంపుగదిలో ఉంది. ఎత్తి ఆనించాం. నెలవంక ఒక్కటీ లేదు. పదహారు బోల్టులూ వేళ్ళతో తిప్పితేనే లోపలికి పోయాయి. వాల్వమ్మ వాల్వు తిప్పింది. పైపు దగ్గింది, బురద కక్కింది, తరవాత పాడటం మొదలుపెట్టింది. మిగిలిన పదహారు బెజ్జాల్లోంచి ఒక్క చుక్క రాలేదు. ఇప్పటికీ రావట్లేదు.

తిరిగి వచ్చేసరికి షెడ్డు ముందు లారీ ఉంది. అయస్కాంతం నా మొహం చూసి, ఏమీ అడగకుండా షెడ్డు వెనక్కి నడిచాడు. నేను లోపలికి వెళ్ళి, ఒంటిచేతి మీద పడ్డ ఇనప చుట్టల్ని కుంచెతో ఊడ్చి, స్తంభానికి నూనె పట్టించాను. తరవాత స్టూలు మీద కూర్చొని, బావ ఇచ్చిన వెర్నియర్‌తో నా బొటనవేలు కొలిచాను. నాలుగుసార్లు కొలిచాను. నాలుగుసార్లూ ఒకటే వచ్చింది.